కిటికీలో ఆరేసిన పేరు

శనివారం ఉదయం విబె వేసుకున్న పథకం చాలా చిన్నది. అచ్చు తీసిన కార్డును కిటికీలో తీగ మీద ఆరేసి, సిరా ఆరేలోగా హార్లింగెన్ రేవుకు వెళ్లి పడవల బొమ్మలు గీసుకోవాలి. కార్డు రిన్స్కె అడిగిన పని, పడవలు ఎవరూ అడగని పని. వాటినన్నిటినీ పుస్తకంగా వేయాలని అతను రెండేళ్లుగా గీస్తున్నాడు. గీసిన ప్రతి పడవనూ వీధివైపు తిప్పి మరీ ఆరేసేవాడు. ఇంతవరకు ఒక్క మనిషి తలెత్తి చూసిన పాపాన పోలేదు.

రిన్స్కెకు నెలలు నిండాయి. ఆ ఊళ్లో పుట్టబోయే బిడ్డ పేరు తల్లిదండ్రులకు తప్ప మూడో కంటికి తెలియకూడదు. అయితే పుట్టిన వెంటనే అందరికీ కార్డులు పంపాలి కనుక, బొమ్మ వేసేవాడికి ముందే చెప్పక తప్పదు. "మా అత్తగారి చెవిన పడిందంటే మీకూ నాకూ చెల్లు" అని రిన్స్కె మొదటే హెచ్చరించింది. ఊళ్లో పురుడు కార్డులన్నీ వేసేది విబెనే. ఒక్క పేరు బయటికి పొక్కిందంటే ఇక కడుపుతో ఉన్న ఏ ఇల్లాలూ అతని గుమ్మం తొక్కదు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి, పక్కింటి ముసలావిడ డ్యూకె ఒక పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. పళ్లెంలో నీలం, తెలుపు సోంపు మిఠాయి చల్లిన రస్కులు. మగపిల్లాడు పుట్టిన ఇంట్లో చూడవచ్చినవాళ్లకు పెట్టేవి అవి.

"నీకు తీరికెక్కడిదిలే అని నేనే చేసి తెచ్చా. యాభై ఎనిమిదేళ్లొచ్చాక, అదీ పెళ్లి పెటాకులు లేకుండా. గుంభనంగా ఉంటావు గానీ సామాన్యుడివి కాదయ్యా నువ్వు."

విబె కిటికీ వైపు చూశాడు. చెయ్యి అలవాటు కొద్దీ కార్డును కూడా వీధివైపే తిప్పి ఆరేసింది. 'యెల్మర్ పుట్టాడు' అని వేలెడంత అక్షరాలు. అది ఇంకొకరి బిడ్డ పేరని నోరు విప్పితే, ఎదురింట్లో ఉండే రిన్స్కె అత్తగారు ట్రిన్‌చె ఇట్టే పట్టేస్తుంది. ఆ వీధిలో నెలలు నిండింది ఆవిడ కోడలికొక్కదానికే.

"అవునండీ, మగపిల్లాడే" అన్నాడు.

డ్యూకె పళ్లెం కింద పెట్టేలోపే ఆ కబురు వీధి దాటింది. ట్రిన్‌చె చేత్తో అల్లిన మేజోళ్లు పట్టుకుని వచ్చింది.

"మా కోడలు ఏం పేరు పెడుతుందో చెప్పి చావదు. నువ్వు నయం, కిటికీకే కట్టావు. తల్లెక్కడ?"

"గ్రోనింగెన్‌లో."

"ఫొటో ఏదీ?"

లేదంటే అనుమానం వస్తుంది. విబె కాగితం తీసుకుని ఒక పసివాణ్ని గీసి ఇచ్చాడు. ఆడవాళ్లిద్దరూ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు అచ్చం తండ్రిదేనని తేల్చారు. సాయంత్రానికి ఎవరో, పురుడు వచ్చిన ఇంటి ముందు నిలబెట్టే చెక్క కొంగను తెచ్చి అతని వాకిట్లో పాతారు. రెండేళ్లుగా పడవల కోసం ఆగని జనం ఇప్పుడు కిటికీ ముందు గుంపు కట్టారు. విబెకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా గుట్టు మాత్రం దక్కింది.

మంగళవారం రిన్స్కె ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"మీకు పేరు చెప్పింది దాచమని. వాడుకోమని కాదు విబె గారూ."

బిడ్డ పుట్టాడు గనుక ఇక దాచవలసింది లేదు. విబె జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "నాకసలు పిల్లాడే లేడమ్మా."

"మా అత్తగారు ఎత్తుకున్నానంటోందే. బరువు కూడా చెప్పింది."

"ఆవిడ ఎత్తుకున్నది కాగితాన్నమ్మా."

"చాల్లెండి, కన్నబిడ్డను కాదనడానికి నోరెలా వచ్చింది? ఒకే వీధిలో ఇద్దరు యెల్మర్లు ఎందుకని మావాడికి ఔకె అని పెట్టాం. మా అత్తగారి నాన్న పేరు. పాపం, ఆవిడే గుర్తు చేసింది. కార్డు మార్చి పంపండి."

విబె కార్డు మార్చి పంపాడు. ఇక ఊళ్లో తనకు పని పుట్టదనుకున్నాడు. కానీ, సొంత కొడుకు సంగతే పుట్టేదాకా పొక్కనివ్వని మనిషి మన పేరు దాచడా అని ఆ నెలలోనే మూడు జంటలు అతన్ని వెతుక్కుంటూ వచ్చాయి.

మరుసటి ఏడాది యెల్మర్ అడుగులు వేస్తున్నాడని డ్యూకె ఊరంతా చెప్పింది.