ఉప్మాలో రెండు మిల్లీమీటర్లు

సోమవారం ఉదయం 9.10కి బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, అడ్మిన్ మేనేజర్ ఫిలిప్ ఉప్మా ప్లేటులో ఈగ పడింది. పొడవు రెండు మిల్లీమీటర్లు. ఆయన తన గదిలో టిఫిన్ ముగించి తొమ్మిదిన్నర మీటింగుకు వెళ్ళాలనుకున్నారు.

వెళ్ళలేదు. ఈగను ఫొటో తీసి, పెద్దది చేసి, ఆఫీసు గ్రూపులో పెట్టారు. ఫోన్లలో అది బొటనవేలంత కనిపించింది. 9.30కి అందరి మాటల్లో అది కందిరీగ అయింది. 9.45కి ముగ్గురు సెలవు అడిగారు. పది గంటలకు ఫిలిప్ సర్క్యులర్ పంపారు: "ఈగలు పుట్టే చోటుకు ఒంటి గంటకు సీల్ వేయాలి." చోటు పేరు రాయలేదు. అందరూ క్యాంటీన్ అనే చదివారు.

క్యాంటీన్ ఓబులమ్మది. తెరిచి పదకొండు రోజులైంది. అంతకుముందు ఆరేళ్ళు గేటు బయట బండి మీద ఇడ్లీ అమ్మింది. బండి ఇప్పుడు లేదు, అమ్మేసింది.

"నా వంటింట్లో ఈగ యాడుండాదో చూపించప్పా!" అని ఆమె ఫిలిప్ గదికి వచ్చింది.

"కన్ఫర్మ్‌గా పళ్ళ ఈగ, ఓబులమ్మగారూ. మీ డ్రమ్ములో నీళ్ళు కూడా డౌటే. ముందు పారబోయించండి."

ఆ పనికి పిలిచిన హౌస్‌కీపింగ్ తిరుపాలు గుమ్మంలోనే ఆగాడు. "సార్, ఎండాకాలం ట్యాంకర్లు రానప్పుడు మీరే రూల్ పెట్టినారు. మిగిలిన నీళ్ళు కుండీలకే పోయాలని."

"రూల్ అంటే రూలే. కుండీల్లోనే పొయ్యి."

ఆఫీసులో అరవై కుండీలు. ఇరవై రెండు ఫిలిప్ గదిలోవే. తిరుపాలు అక్కడే మొదలుపెట్టాడు. 11.20కి ఆ గదిలో ఈగలు లేచాయి.

"చూశారా, క్యాంటీన్ నుంచి ఇక్కడిదాకా వచ్చేశాయి!" అన్నారు ఫిలిప్.

టెస్టింగ్ టీమ్‌లోని బ్లెస్సీ జువాలజీలో ఎమ్మెస్సీ చేసింది. ఆ సంగతి నాలుగేళ్ళుగా ఆఫీసులో ఎవరికీ అవసరపడలేదు. ఆమె ఉప్మాలోని ఈగను కాగితం మీదికి తీసి, భూతద్దం పెట్టింది.

"సార్, పళ్ళ ఈగకు మామూలుగా కళ్ళు ఎర్రగా ఉంటాయి, ఒళ్ళు బొద్దుగా ఉంటుంది. దీని కళ్ళు నలుపు. కాళ్ళు పొడుగు, మీసాలు పొడుగు. రెక్కలో ఈ నరం చూడండి, పంగలకర్రలాగా చీలింది."

"అయితే?"

"కుండీ ఈగ. తడి మట్టిలో బూజు తిని పెరుగుతుంది. నీళ్ళు ఎంత పోస్తే అంత."

ఓబులమ్మ భూతద్దంలోకి వంగింది. "ఇంత సన్న నడుముది నా వంటింట్లో లేదు, నన్నూ కలిపి."

తిరుపాలు ఫిలిప్ కుర్చీ వెనక కుండీలో మట్టి గీకాడు. తెల్లటి పురుగులు, నల్లటి తలలు. ఫిలిప్ తన సర్క్యులర్‌ను ఫోన్‌లో రెండుసార్లు చదివారు.

ఒంటి గంటకు ఆయన గదికి సీల్ పడింది. 1.05కి ఆయన లాప్‌టాప్‌తో క్యాంటీన్‌లో కూర్చుని ఉప్మా అడిగారు. ఓబులమ్మ ప్లేటు మీద మూత పెట్టి ఇచ్చింది.