రేల చెట్టు కింద ఎలుగుబంటి

"నడి ఎండాకాలంలో గొంగడి ఎందుకే? గొర్రెకే నయం, బొచ్చు గొరిగించుకుంటాది," అంటూ తిమ్మప్ప మూటమీది గొంగడిని తీసి మళ్ళీ దండెం మీద పడేశాడు. పెళ్ళాం లక్ష్మీనరసమ్మ దాన్ని మళ్ళీ లాగి మూటమీద పెట్టింది. తెల్లారుజామున మొదలైన తగువు అది.

"ఆడ కొండకింద మీ తాత పందిరేసినాడా? ఎండకు తలమీద కప్పుకునేదానికి ఏముండాది?"

"తంగేడు చెట్లుండాయి."

"తంగేడు నీడ తొండకు చాలుతాది. నేను తొండనా?"

తిమ్మప్ప మళ్ళీ గొంగడి కొస పట్టుకున్నాడు.

కోడలు అంజనమ్మ పొయ్యిలో బూడిద ఎత్తుతూ ఇదంతా వింటోంది. గొంగడి వస్తే బాగుండునని ఆమెకూ ఉంది. ఎందుకో మాత్రం చెప్పుకునేది కాదు. "నేను మోస్తాలే అత్తా," అంది. తగువు అక్కడికి తెగింది.

పెనుకొండ దాపున ఉన్న ఆ పల్లెలో, వానలు మొహం చాటేసిన ఏడు ఒక దినం ఊరు విడిచే ఆచారం ఉంది. పొద్దు పొడవకముందే పొయ్యిలు ఆర్పి, పిల్లాజెల్లా గొడ్డూగోదా అందరూ బయటికి నడవాలి. ఊరి మొగదల ముళ్ళకంప అడ్డం వేస్తారు. పొద్దు గుంకేలోగా ఎవరైనా లోపల అడుగు పెడితే, బయటికి పంపిన కరువు వాళ్ళ వెంటే తిరిగొస్తుందంటారు. ఎప్పుడూ చెరువు వెనక బిడారం దిగేవాళ్ళు. ఈ ఏడు చెరువులో తడి లేదు. కొండకింద చెలమలోనే నాలుగు బిందెల నీళ్ళు ఊరుతున్నాయి కాబట్టి అక్కడికే అన్నారు పెద్దమనుషులు.

ఆ చెలమకు అల్లంత దూరంలోని రేల చెట్ల కిందనే ఊళ్ళో పోయిన పసిబిడ్డలను పూడుస్తారు. ఆడవాళ్ళు ఆ పక్కకు పోకూడదు. పోయిన చలికాలంలో, ఇంకా పేరైనా పెట్టని అంజనమ్మ బిడ్డను మామ చేతులమీద తీసుకుపోయాడు. మొగుడు రామాంజనేయులు గడ్డపార భుజాన వేసుకొని వెనక పోయాడు. తిరిగొచ్చాక ఆమె ఒకటే అడిగింది, యాడ అని. "రేల చెట్టు మొదట్లో. గుర్తుకు తెల్లటి పలుగురాయి పెట్టినా," అన్నాడు మొగుడు. ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ రాయి ఒక్కసారి కళ్ళతో చూసుకోవాలని ఆమె కోరిక. అంతకుమించి ఏమీ లేదు.

కొండకింద గడ్డి ఎప్పుడో మాడిపోయింది. అయినా తంగేడు మాత్రం ఎవరితో పందెం వేసుకుందో, ఒళ్ళంతా పచ్చగా పూసి నిలబడింది. ధర్మవరం రైలు కూత వినబడేసరికి రాళ్ళ పొయ్యిలమీద ఎసర్లు మరుగుతున్నాయి. "పుల్లలు ఏరుకొస్తా అత్తా," అని అంజనమ్మ లేచింది.

"గొంగడి కప్పుకో, మాడిపోతావు," అంది లక్ష్మీనరసమ్మ.

ఎండకు కాకపోయినా, మగవాళ్ళు ఆనవాలు పట్టకుండా అంజనమ్మ దాన్ని తలమీదినుంచి మడమలదాకా కప్పుకుంది. కంపల్లోంచి కౌజు పిట్టలు బుర్రుమని లేచాయి. ఒక ఉడుము తల ఎత్తి చూసి, ఈమెతో మనకేం పని అన్నట్టు పుట్టలోకి దూరింది. రేల చెట్లు పసుపు గుత్తులు వేలాడేసుకొని ఉన్నాయి. మొదటి చెట్టు కింద గుర్తులన్నీ నల్లరాళ్ళే. రెండో చెట్టు కిందా అంతే. మూడో చెట్టు మొదట్లో తెల్లగా పలుగురాయి మెరిసింది. ఒక పక్క మన్ను జారిపోయి ఉంది. ఆమె ఏడవలేదు. చతికిలబడి, ముందుకు వంగి, రెండు చేతులా మన్ను తోడి ఎగదోయడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఉలిగప్ప అనే ముసలాయన చెంబు పట్టుకొని ఆ పొదల చాటుకు వచ్చాడు. నల్లటి వీపు, ఎగిరే మన్ను. చెంబు రాళ్ళమీద ఖణేలుమంది.

"ఎలుగ్గొడ్డప్పో! బొందలు తవ్వుతాండాది!"

ఆ కేక అంజనమ్మకూ వినబడింది. ఎలుగుబంట్లు పుట్టలు తవ్వుతాయి, మెత్తటి మన్ను ఎక్కడుంటే అక్కడ తవ్వుతాయి. పారిపోవాలని ఆమెకు తోచలేదు. బిడ్డ రాయిమీద బోర్లా పడి గొంగడితో కప్పేసి, చేతిలో ఒక రాయి బిగించి పట్టుకుంది. నాలుగు దిక్కులా చూసింది. ఎలుగుబంటి ఎటునుంచి వస్తోందో ఆమెకు అంతుపట్టలేదు.

బిడారం దగ్గర ఏమైందో తరువాత పదిమంది పదిరకాలుగా చెప్పగా ఆమె విన్నది. ఉలిగప్ప చూసింది ఒకటే అయినా, మాట సంగటి కుండల దగ్గరికి వచ్చేసరికి తల్లీపిల్లా అయింది, కుండలు తన్నుకొని పరుగెత్తి ముళ్ళకంప చేరేసరికి మూడైంది. పెద్దమనిషి సంజీవప్ప కంపకు అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి పోతే కరువప్పా!"

"ఈడుంటే ఎలుగ్గొడ్డన్నా! కరువైతే పాత చుట్టం, ఎట్లనో సర్దుకుంటాం. జరుగు!" అంది అంకమ్మ, పొరుగింటావిడ.

కంప దాటకముందే ఎవరి ఇంటి మనుషులను వాళ్ళు లెక్క చూసుకుంటే అంజనమ్మ లేదు. లక్ష్మీనరసమ్మ మట్టిలో కూలబడి రాగం ఎత్తింది. "ఎదురుమాట ఎరగనిదానా! సంగటిలో ఉండ కట్టనీయనిదానా!" నిన్న మధ్యాహ్నమే ఉండ కట్టిందని పల్లెం తోసేసిన మనిషి ఆమె.

గాలికి ఆ ఏడుపు రేల చెట్లదాకా వచ్చింది, మాటలు రాలేదు. 'ఎవరినో పట్టినట్టుంది పాపం' అనుకొని అంజనమ్మ కూడా ఏడ్చింది.

తప్పెట కొడుతూ మగవాళ్ళు కర్రలతో వచ్చారు. రేల చెట్ల దగ్గర తప్పెట నెమ్మదించింది. నువ్వు పో అంటే నువ్వు పో అనుకుంటున్నారు. రామాంజనేయులు ముందుకు దూకబోతే ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. వాళ్ళందరినీ తోసుకొని, సంగటి తెడ్డు ఎత్తుకొని లక్ష్మీనరసమ్మ వచ్చింది.

"అమ్మా, ఆడోళ్ళు ఈడికి రాకూడదు!" అని అరిచాడు సంజీవప్ప.

"మొగోళ్ళు పోయింటే నేనెందుకు వస్తానప్పా!"

తెడ్డు గొంగడిమీద పడింది. ఎలుగుబంటి ఉలిక్కిపడి తల ఎత్తింది.

"అత్తా! పక్కకు రా! ఎలుగ్గొడ్డు వస్తాండాదంట!"

ఎత్తిన కర్రలు కిందికి దిగాయి. తరువాత ఎవరో కిసుక్కుమన్నారు. "ఉలిగప్పా, తక్కిన రెండూ యాడ?" అని ఎవరో అంటే అందరూ పగలబడ్డారు. లక్ష్మీనరసమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. కోడలి గోళ్ళలో మన్ను కనబడింది. పొట్ట కింద పలుగురాయి కనబడింది. తెడ్డు కింద పడేసి కోడలి పక్కన కూర్చుంది. చుట్టూ ఉన్న నల్లరాళ్ళను ఒక్కొక్కటిగా చూసింది.

"ఏమయ్యా," అంది వెనక్కి తిరగకుండానే. "మన పెద్దది యాడ?"

నవ్వులు ఆగిపోయాయి. రామాంజనేయులుకంటే ముందు వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని ఊళ్ళో సగంమందికి అప్పుడే తెలిసింది. తిమ్మప్ప కర్ర కింద పెట్టాడు. మొదటి చెట్టు దగ్గరికి పోయి, వెతుక్కోకుండా, ఒక రాయిమీద అరచెయ్యి పెట్టాడు.

పొద్దు గుంకేదాకా ఆ ఇద్దరు ఆడవాళ్ళనూ లేవమని ఎవరూ అనలేదు. రేల పూరెక్కలు రాలి గొంగడి సగం పసుపైంది.

ఆ రాత్రి కొత్త నిప్పుమీద వండిన సంగటి అందరికీ పెట్టి, ఉప్పు అయిపోయిందని చెప్పే గొంతుతో లక్ష్మీనరసమ్మ చెప్పింది: "రేపట్నుంచి మన ఎనుమును కొండకింద మేపుతాము. అంజనమ్మ తోలుకపోతాది. నేను తోడు పోతా."

రామాంజనేయులు తల వంచుకొని సంగటి తిన్నాడు. తిమ్మప్ప లేచి, గొంగడి దులిపి, మడిచి, పొద్దున్నే చేతికందేటట్టు తానే వాకిట్లో పెట్టాడు. ఆ కొండకింద గడ్డిపరక లేదని ఎనుముకు తప్ప ఆ ఇంట్లో అందరికీ తెలుసు.