షెడ్ల కంపెనీలో పితృత్వ సెలవు

పెరట్లో పెట్టుకునే చెక్క షెడ్లు తయారుచేసే ఎంట్విసిల్ గారి కంపెనీలో పితృత్వ సెలవు అనే సదుపాయం ఏనాటి నుంచో అమల్లో ఉంది. ఆ సంగతి తెలిపే కాగితం గోడకు అంటించి ఉంది. దాని ముందు బీరువా ఉంది. చదవదలచినవారు బీరువా జరుపుకోవచ్చు; యాజమాన్యానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు.

కంపెనీ ఉన్న రోచ్‌డేల్ ఊళ్ళో మగవాడు షెడ్డు ఎందుకు కొంటాడో వేరే చెప్పాలా? పసిపిల్ల ఏడుపు వినిపించని చోటు అదొక్కటే మరి! ముప్పై ఏళ్లుగా తండ్రులు ఇంట్లోంచి పారిపోబట్టే కంపెనీ నిలిచింది. అలాంటి తండ్రులను రెండేసి వారాలు ఇంట్లో కూర్చోబెట్టడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

అక్కడ రంపం దగ్గర పనిచేసే రస్సెల్ బిబ్బీ మహా మర్యాదస్తుడు. మా ఇంగ్లండులో మర్యాదస్తుడంటే, కావలసినదాన్ని చచ్చినా నోరు తెరిచి అడగనివాడు. అతని భార్య హేజెల్‌కు ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఆపైన చూసుకోవడానికి రస్సెల్ తప్ప దిక్కు లేదు. కాన్పు వారానికి పదిహేను వారాల ముందే యజమానికి తెలపాలని చట్టం. ఆ గడువు వచ్చే శుక్రవారమే.

సోమవారం టీ వేళ రస్సెల్ ధైర్యం చేశాడు.

"మీకేమీ ఇబ్బంది లేకపోతేనేనండీ... మాకు పాప పుట్టబోతోంది."

"శుభం! నాకేం ఇబ్బందయ్యా, కానీ!" అన్నారు ఎంట్విసిల్ గారు.

బిడ్డ పుట్టడానికి యాజమాన్యం అనుమతి ఆ విధంగా లభించింది. ఇద్దరూ కాసేపు వాన గురించి మాట్లాడుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు.

"సెలవు అడిగావా?" అంది హేజెల్ గురువారం.

"దాదాపు అడిగినట్టే."

"నేనేమన్నా దాదాపు కడుపుతో ఉన్నానా? ఓరి దేవుడా, నీ మర్యాద మండిపోనూ!"

ఆవిడే ఉత్తరం రాసి, మొగుడి చేత సంతకం పెట్టించి, మర్నాడు స్వయంగా ఆఫీసుకు తీసుకెళ్ళింది. ఎంట్విసిల్ గారు లేచి నిలబడి ఉపన్యసించారు.

"మా రోజుల్లో బిడ్డ పుట్టిందని కబురొస్తే, ఓ కప్పు టీ తాగి మళ్ళీ రంపం పట్టేవాళ్ళం తల్లీ! మా ఆవిడ ఒక్క మాట అన్లేదు!"

"ఆవిడ మీతో మాట్లాడి పదకొండేళ్ళయిందట కదండీ," అంది హేజెల్.

సెలవు మంజూరైంది. ఆ రెండు వారాలకు చట్టప్రకారం వచ్చే డబ్బు రస్సెల్ మామూలు జీతంలో సగం కూడా లేదు. తండ్రులు ఇంటికి అలవాటుపడి పాడైపోకుండా ప్రభుత్వంవారు తీసుకున్న జాగ్రత్త అది. తోటి పనివాళ్ళు మాత్రం తలా కొంత వేసుకుని అతనికి ఒక షెడ్డే బహూకరించారు. లోపలివైపు గడియ కూడా బిగించారు, పాపం.

పాప పుట్టింది. రస్సెల్ గుడ్డలు మార్చడం, పాలు పట్టడం, జోకొట్టడం నేర్చుకున్నాడు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. "బంగారంలాంటి మొగుడే తల్లీ, పెట్టి పుట్టావు!" అంటూ నలుగురు అమ్మలక్కలు మాంసం కూర కూరిన పైలు తెచ్చి అతని చేతిలో పెట్టారు. కుట్లు హేజెల్‌కు, పరామర్శ రస్సెల్‌కు.

పదోనాడు సాయంకాలం హేజెల్ ఒక దిండు చంకన పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళి గడియ వేసుకుంది. కాసేపటికి బిడ్డల బాగోగులు చూసే ప్రభుత్వ నర్సు వచ్చింది.

"తల్లి ఏదీ?"

"షెడ్డులో నిద్రపోతోందండీ."

"ఎంతసేపయింది?"

"నలభై నిమిషాలు."

"అయ్యయ్యో! పాపం, ఒక్కడివే ఎలా నెట్టుకొస్తున్నావు నాయనా?"

నర్సు పుస్తకంలో రెండు వాక్యాలు రాసింది. తండ్రి: అద్భుతం. తల్లి: బిడ్డను వదిలి వెళుతోంది, ఓ కన్నేసి ఉంచాలి.

ఆ వీధిలో ఇంకా తొమ్మిది షెడ్లున్నాయి. ఆ వేళప్పుడు తొమ్మిదింటిలోనూ తొమ్మిదిమంది తండ్రులున్నారు. వాళ్ళు ఎంతసేపటి నుంచి ఉన్నారని నర్సు అడగలేదు. మీరూ అడగలేదు.