బొట్టు పెట్టిన తీగలు

నా రాతలో ఒత్తులు తప్పితే మన్నించండి. యాభై దాటాక పలక పట్టాను. ముందు మరాఠీ అక్షరాలు వచ్చాయి, తెలుగు తరువాత వచ్చింది. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. అయినా రషీద్ మిషను సంగతి ఇంకెవరైనా రాస్తే యాదక్కను వదిలేస్తారని నేనే కూర్చున్నాను.

ఎనభై ఎనిమిదో సంవత్సరం. ఆ శనివారం పొద్దున రషీద్ వేసుకున్న ప్లాను చిన్నదే. పదికల్లా తీగలు కలపాలి, పదకొండుకు చాయ్ తాగాలి, పన్నెండుకు గడ్చిరోలి జిల్లా ఆఫీసు నుంచి సాహెబు వస్తే మిషను నడిపి చూపాలి. ఊరికి పనికొస్తుందని సాహెబు ఒప్పుకుంటే అది సిరోంచలోనే ఉంటుంది. లేకపోతే వచ్చిన ట్రాలీలోనే ముల్చేర అనే ఇంకో ఊరికి పోతుంది. ఆయిల్ ఇంజన్లు బాగుచేసే రషీద్ ఆరు నెలలు సర్కారుకు అర్జీలు పెట్టి తెచ్చుకున్న మిషను అది. కంప్యూటరు ఎటు పొమ్మంటే దాని బల్ల అటు జరుగుతుంది, పైన తిరిగే మొన లోహాన్ని చెక్కుతుంది.

చిక్కల్లా తీగలతోనే. బజారులో దొరికినవన్నీ నల్లవి. ఇంట్లో రంగు డబ్బా ఎండిపోయింది. అందుకని రషీద్ పక్కింటి యాదక్క దగ్గర పసుపు, కుంకుమ అడిగి తెచ్చి గుర్తులు పెట్టుకున్నాడు. కుంకుమ చుక్కవి ఒక చోటికి, పసుపు చుక్కవి ఇంకో చోటికి, ఏమీ లేనివి మూడో చోటికి. గుర్తులు పెట్టి స్నానానికి పోయాడు.

అప్పుడే యాదక్క మిషను చూడటానికి వచ్చింది. కొన్ని తీగలకు బొట్టు ఉంది, కొన్నిటికి లేదు. తన నుదుటికి ఎలాగూ లేదు, తీగలు ఏం పాపం చేశాయి అనుకుంది. అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోస్తుండగా రషీద్ వచ్చాడు.

"అక్కా, గీ తీగలకు బొట్లు ఎవలు పెట్టిన్రు?"

"నేనే. సగం పెట్టి సగం ఇడిసిపెట్టినవు. కొత్త మిషనుకు గట్ల మంచిది కాదు."

"అవి బొట్లు కాదక్కా, గుర్తులు."

"పసుపు తీస్కపోయినప్పుడే చెప్పద్దా మరి?"

రషీద్ తల పట్టుకుని, జ్ఞాపకం మీద తీగలు కలిపాడు. మిషనును నడిపే ప్రోగ్రాములు రెండు ఉన్నాయి, రెండు ఫ్లాపీల మీద. మొదటిది జాగ్రత్త మనిషి లాంటిది. బల్లను ఒక చివరికి నడిపి, అక్కడి మీట తగిలితేనే పని మొదలుపెడుతుంది. బల్ల కుడికి పోవలసింది ఎడమకు పోయింది. మీట తగలలేదు. ప్రోగ్రాము ఆగిపోయింది. మూడుసార్లు పెడితే మూడుసార్లూ అంతే.

"రెండు తీగలు తారుమారైనయి. ఏ రెండో ఎరుక లేదు," అన్నాడు రషీద్.

అంతలో బయటి నుంచి ఆదయ్య కేకేశాడు. "రషీద్ భాయ్, జీపొచ్చింది. ఎన్క ట్రాలీ గూడ ఉంది." గంట ముందే వచ్చింది.

ఆదయ్య ఇటుకలు చేసేవాడు. అతని పచ్చి ఇటుకలు రషీద్ షెడ్డు వాకిట్లోనే ఆరుతుంటాయి. నిరుడు వడ్రంగి మారయ్య అతని అచ్చులో ఊరి పేరు తిన్నగా చెక్కాడు. దాంతో ప్రతి ఇటుక మీదా పేరు తిరగబడి వచ్చింది. "ఆదయ్య ఇటుకను అద్దంల చూసి సదువాలె" అని ఊరంతా నవ్వుతూనే ఉంది.

"ఆ రెండో ఫ్లాపీ ఎసుంటిది?" అని అడిగింది యాదక్క.

"అది ఏం అడగదు. చెప్పింది చేస్తది."

"ఇగ చూసుడేంది, అదే పెట్టు. మా ఆయనది గసుంటి గుణమైతే నా బతుకు ఎంత మంచిగుండు."

రషీద్ రెండో ఫ్లాపీ పెట్టాడు. సాహెబు ఎదుటే అల్యూమినియం రేకు మీద ఊరి పేరు మరాఠీలో చెక్కించాడు. మిషను ఎక్కడా ఆగలేదు. గీతలు లోతుగా, అందంగా పడ్డాయి. సాహెబు రేకును అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"యే కౌన్‌సీ భాషా హై?" అన్నాడు, ఇదేం భాష అని.

అక్షరాలన్నీ అద్దంలోవి. సాహెబు రేకును గుమ్మం బయటికి విసిరి, ట్రాలీ తెమ్మన్నాడు.

రేకు పోయి ఆదయ్య పచ్చి ఇటుక మీద బోర్లా పడింది.

"నా ఇటుకను ఖరాబ్ చేసిన్రు," అని గొణుగుతూ ఆదయ్య వంగి రేకు తీశాడు. అలాగే వంగి ఉండిపోయాడు. యాదక్క వెళ్ళి పక్కన కూర్చుంది. పెద్దల బడిలో ఆమెకు మొదట వచ్చిన మాట అదే. తడి మట్టి మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే చదివింది.

"సి... రోం... చా."

సాహెబు కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. మట్టిలో ఊరి పేరు తిన్నగా నిలబడి ఉంది.

"గిసుంటివి నాకు ఆరు కావాలె. నిరుటి నుంచి దేవులాడుతున్న," అన్నాడు ఆదయ్య.

"ఉల్టా కావాలనే చేశావా?" అని సాహెబు హిందీలో అడిగాడు. రషీద్ యాదక్క వైపు చూశాడు.

"కావాలనే, సాహెబ్," అంది యాదక్క. "పొద్దుగాల్నే తీగలను తయారు చేసి పెట్టినం."

ట్రాలీలో ఆ ఒక్క ఇటుకే గడ్చిరోలికి పోయింది. ఆ రోజు చాయ్ ఆదయ్య పోయించాడు, మారయ్యను కూడా పిలిచి మరీ. ఊరి అవసరం చూసి, అచ్చులు చెక్కేందుకు ప్రత్యేకంగా అమర్చిన మిషను అని సాహెబు రిపోర్టు రాశాడు.

రిపోర్టు తప్పవుతుందని రషీద్ ఆ రెండు తీగలను ఈనాటికీ సరిచేయలేదు.

— యాదక్క, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది ముల్చేరలో, కూతురి ఇంట్లో.