బోర్లేసిన బండలు

"రేపటి నుంచి ఇది చౌరస్తా కాదు. మన పట్టణపు ముఖం!"

మిర్యాలగూడ సుందర చౌరస్తా సాధన సమితి అధ్యక్షులు, రైసు మిల్లు యజమాని అచ్చయ్యగారు ఏసీ హాల్లో ఇలా ప్రకటించగానే పదకొండు మంది సభ్యులు చప్పట్లు కొట్టారు. పన్నెండో మనిషి కొట్టలేదు. ఆమె సాలమ్మ, తిరుమలగిరి నుంచి వచ్చిన బండల మేస్త్రి. ముప్పై ఏళ్లుగా నేలలు పరుస్తున్న మనిషని సలహా కోసం పిలిచారు. సలహా అడగాలని మాత్రం ఎజెండాలో ఎక్కడా లేదు.

బల్ల మీద తెల్లగుడ్డ వేసి, బండల నమూనాలు పెట్టి, చుట్టూ గులాబీ రేకులు చల్లారు. సభ్యులు ఒక్కొక్కరే వచ్చి వాటిని అరచేత్తో నిమిరి "ఆహా!" అన్నారు. అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు దగ్గర అచ్చయ్యగారు చాలాసేపు ఆగారు. అందులో ఆయన మీసం బాగా కనబడుతోంది.

"చేతులతోని నిమురుతున్రేంది సార్? దీనిమీద నడిసేటియి కాళ్లు గద!" అంది సాలమ్మ.

అని ఊరుకోలేదు. ఆ నల్లముక్కను కింద పెట్టి, నీళ్లసీసా వంచి, చెప్పుకాలితో రుద్దింది. కాలు జర్రున జారింది. పక్కనున్న గరుకు బండ మీదా అలాగే రుద్దింది. చెప్పు కదల్లేదు.

"గీడ పూలోళ్లు నీళ్లు సల్లుతరు. పాలు ఒలుకుతయ్. లారీలకెల్లి తవుడు రాల్తది. ఇగ వాన పడ్డదంటే బస్సు దిగినోళ్లు దిగినట్టే పడ్తరు. జర మందం చూసి గరుకు బండ ఎయ్యుండ్రి."

కార్యదర్శి స్టీఫెన్ మినిట్స్ పుస్తకం తెరిచాడు. "గరుకుతనం పట్టణ ప్రతిష్ఠకు భంగకరమని నమోదు చేయమంటారా సార్?"

"చెయ్యి. గరుకు బండ పశువుల కొట్టానికి. మనం యూరప్ స్థాయికి పోతున్నం!"

అచ్చయ్యగారు యూరప్ తొమ్మిది రోజులు తిరిగొచ్చారు. ఆయన నిలబడ్డ వీధులన్నీ గరుకు బండలవే. కాకపోతే ఫొటోలన్నీ నడుము పైకే దిగారు.

తీర్మానం ఏకగ్రీవంగా జారీ అయింది. జారడం ఒక్కటే మిగిలింది.

బండలు పరిచే పని సాలమ్మకే అప్పగించారు. ఆమెకు వదులుకుందామనే అనిపించింది. ఇదివరకు కోదాడలో ఓ ఫంక్షన్ హాలు ముందు యజమాని చెప్పినట్టే నున్నటి బండ వేసింది. నెల తిరక్కుండా ఓ ముసలమ్మ జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెను దవాఖానలో చూసొచ్చిన రోజు సాలమ్మకు అన్నం దిగలేదు. కానీ తాను వదిలేస్తే ఇంకొకరు వేస్తారు, అదే బండ, అదే నునుపు.

బండల లారీ దిగాక ఒకదాన్ని తిరగేసి చూసింది. అడుగున పాలిష్ లేదు. మిషిను కోత గరుకు చేతికి తగిలింది. బస్టాండు గేటు నుంచి ఆటోల అడ్డా దాకా మూడు బండల వెడల్పున దారి గీసి, అక్కడ మెరుపు కిందికి, గరుకు పైకి పెట్టి పరిచింది.

"అక్కా, బండలు బోర్లేస్తున్నవేందే?" అని అడిగింది పూలమ్మే గోపమ్మ.

"మనుషులు బోర్ల పడొద్దనే!"

తడి ఆరకుండా గోనెసంచులు కప్పడంతో ప్రారంభం దాకా ఎవరి కంటా పడలేదు.

ఆ పొద్దున సన్నటి జల్లు పడింది. సంచులు తీశారు. నల్లటి మెరుపు మధ్యలో బూడిదరంగు చార చూసి, కొత్త బూట్లేసుకొచ్చిన అచ్చయ్యగారు మండిపడ్డారు.

"సాలమ్మా! మా ముఖం మీద గీ మచ్చేంది?"

"గది నడవనీకె సార్. మిగిలింది సూడనీకె."

"ఇప్పుడే పీకు!" అంటూ కోపంగా ఒక్క అడుగు ముందుకేశారు. కుడికాలు సాగర్ రోడ్డు పట్టింది, ఎడమకాలు కోదాడ రోడ్డు పట్టింది. స్టీఫెన్ భుజం పట్టుకున్నారు. స్టీఫెన్ కూడా ఆయనతో బయల్దేరాడు! సాలమ్మ పరుగున వెళ్లి ఇద్దరినీ రెక్క పట్టి బోర్లేసిన బండల మీదికి లాగింది. అక్కడ కాళ్లు నిలిచాయి. నిమిషంలో సమితి మొత్తం ఆ చార మీదే వరుసగా నిలబడింది.

అచ్చయ్యగారు శాలువా సర్దుకుని మైకు అందుకున్నారు. "ప్రజలారా! మా సమితి ముందుచూపుతో రూపొందించిన గౌరవ పథం ఇదే!"

చప్పట్లు! అరగంటలో స్టీఫెన్ అట్ట మీద రాయించి బోర్డు నిలబెట్టించాడు: "గౌరవ పథం. ప్రముఖులకు మాత్రమే. ప్రజలు మెరిసే బండలపై నడవగలరు."

గంప నెత్తిన పెట్టుకొచ్చిన గోపమ్మను వాచ్‌మన్ మెరుపు వైపు తోలాడు. సాలమ్మకు ఒళ్లు మండింది. ఇంతలో అచ్చయ్యగారు ఆమెను పక్కకు పిలిచి, గొంతు తగ్గించారు.

"రేపు జర ఇంటికొస్తవా? మా వాకిట్ల గూడ గిదే నల్లరాయి. మా ఇంటామె పద్మమ్మ రెండుసార్లు పడి నడుం పట్టుకున్నది. ఏడాది సంది పాత దుప్పట్లు పరుసుకొని నడుస్తున్నం. నువ్వొచ్చి గీ లెక్కనే తిప్పెయ్యి. ఎవరికీ చెప్పకు."

"ఏడాది సంది ఎరుకేనా సార్ మీకు?"

"ఇల్లు వేరు, పట్టణం వేరు."

సాలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "తిప్పుతా సార్. ముందుగాల గా బోర్డు మీ చేతులతోని తిప్పుండ్రి."

అచ్చయ్యగారు ఫొటోగ్రాఫర్ ఎక్కడున్నాడో చూశారు. భార్య నడుం నొప్పి గుర్తొచ్చిందేమో, గరుకు బండల మీద జాగ్రత్తగా నడిచి వెళ్లి బోర్డు తిప్పారు. వెనక ఏమీ రాసి లేదు. గోపమ్మ గంపతో ఆ గరుకు బండల మీదుగానే నడిచి వెళ్లింది. ఆమె వెనక బస్సు దిగిన జనం.

స్టీఫెన్ పరుగున వచ్చి పుస్తకం తెరిచాడు. "సార్! దీన్నేమని నమోదు చేయమంటారు?"

అచ్చయ్యగారు కిందికి చూసి అడుగేస్తూ అన్నారు.

"ప్రజలకు అంకితమని... రాయి!"