సరిహద్దుకు బయల్దేరిన నరసింగరావు గారు

సరిహద్దులో కాల్పులు మొదలైన మూడో రోజు మా చీపురుపల్లి నాయకుడు నరసింగరావు గారు విలేకరుల సమావేశం పెట్టి, శత్రుదేశానికి బుధవారం దాకా గడువిచ్చారు. ఆలోగా బుద్ధి తెచ్చుకోకపోతే పదకొండు గంటల ట్రైనుకి తానే స్వయంగా సరిహద్దుకు బయల్దేరతానన్నారు.

విలేకరుల సమావేశం అంటే నేనే. రెండో విలేకరి మేనల్లుడి పెళ్లికెళ్లాడు.

ఇంత పెద్ద నిర్ణయం వెనక కారణం ఉంది. అంతకుముందు రోజు ఆయన ప్రత్యర్థి దేవేంద్ర రెండొందల మీటర్ల జెండాతో ఊరేగింపు తీశాడు. జిల్లా పేజీలో ఫొటో పడింది. మామూలు నాయకుడైతే మూడొందల మీటర్ల జెండా కుట్టించేవాడు. నరసింగరావు గారు మామూలు నాయకుడు కాదు. ఆవేశం వచ్చాక ఆయన నోటికి ఆయనే అడ్డు రాలేరు.

సమావేశం అయ్యాక ఆయన కుడిభుజం గిరిబాబు మెల్లగా అడిగాడు.

"అన్నా, నిజింగా యెల్తావేటి?"

"అనేశాను కదరా."

"నీకు మోకాలు నొప్పి కదన్నా."

"యుద్ధం మోకాలితో సేత్తారేట్రా?"

ఆ రాత్రికల్లా విషయం ఫ్లెక్సీల దాకా వెళ్లిపోయింది. మర్నాడు ఉదయం నేను కాఫీకి వెళ్లేసరికి శ్రీమతి రాజకుమారి గారు సూట్‌కేసు తెరిచి పెట్టుకుని, "ఎక్కడికని సర్దమంటారు? సరిహద్దుకా, విజయనగరానికా?" అని అడుగుతున్నారు. విజయనగరంలో ఆవిడ తమ్ముడున్నాడు. నరసింగరావు గారు నా వైపు చూసి, "రిపోర్టర్ గారూ, ఇది మీ చెవిన పడలేదు" అన్నారు. పడలేదు.

మంగళవారం దైవబలం కోసం తిరిగాం. ముందు అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లాం. పూజారి గారు గోత్రం అడిగారు.

"నా పేరు మీద కాదండి. దేశం పేరు మీద చెయ్యండి."

"దేశానిది ఏ గోత్రం బాబూ?"

నరసింగరావు గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నాదే" అన్నారు.

మధ్యాహ్నం చీపురుపల్లి తిరిగొచ్చి బాప్టిస్టు చర్చికి వెళ్లాం. పాస్టర్ కృపానిధి గారు ఆదరంగా కూర్చోబెట్టి, "ఏమని ప్రార్థన చెయ్యమంటారండి? యుద్ధం ఆగిపోవాలనా, మనం గెలవాలనా?" అని అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ సిద్ధం చేసుకుని రాలేదు. నరసింగరావు గారు, గిరిబాబు పక్కకెళ్లి మాట్లాడుకుని వచ్చారు.

"ఆగాలనే చెయ్యండి పాస్టర్ గారూ. కాకపోతే రేపు పదకొండింటి దాకా ఆగకుండా ఉంటే బాగుంటుంది. జనానికి చెప్పేశాం."

కృపానిధి గారు కొంచెంసేపు ఆయన మొహం చూసి, తర్వాత కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, మేము ఏమి అడుగుతున్నామో మాకు తెలియదు, నీవే తెలుసుకో" అని మొదలుపెట్టి, అటువైపు తల్లుల కోసం కూడా ప్రార్థించారు. గిరిబాబు ఇబ్బందిగా నా చెవిలో, "అటేపోళ్లకి ఈ మండలంలో ఓటుందేటండి?" అన్నాడు. అయినా అందరితోపాటు ఆమెన్ అన్నాడు.

బుధవారం స్టేషన్‌లో ప్లాట్‌ఫారం కనపడలేదు. డప్పులు, దండలు, వీరతిలకాలు. మా ఊరి స్టేషన్‌లో ట్రైను ఆగేది రెండు నిమిషాలు. అందులో ఒకటిన్నర నిమిషం ఫొటోలకు కేటాయించారు. తలుపు దగ్గర ఎవరో కుర్రవాడు ఆకుపచ్చ బ్యాగుతో ఫ్రేములోకి వచ్చేస్తుంటే గిరిబాబు, "తమ్ముడూ, కాస్త పక్కకి జరుగు, ఆర్మీకెల్తన్నారు" అన్నాడు. కుర్రవాడు మర్యాదగా జరిగాడు. ఆ సందులోంచి ఒక పెద్దావిడ జనాన్ని తోసుకుని వచ్చి నరసింగరావు గారి చెయ్యి పట్టుకుని, ఆ కుర్రవాణ్ణి చూపించింది.

"బాబూ, నా పేరు కాంతం. ఈడు నా కొడుకు బెన్హర్. మిలట్రీలో ఉన్నాడు. నువ్వూ అక్కడికే యెల్తన్నావంట కదా. ఈడు తిండి సరిగ్గా తినడు. కొంచెం సూసుకో నాయినా."

చుట్టూ సెల్‌ఫోన్లు వీడియో తీస్తున్నాయి. "నా తమ్ముడిలా చూసుకుంటానమ్మా" అన్నారు నరసింగరావు గారు. జనం చప్పట్లు కొట్టారు. ట్రైను కదిలింది.

పెట్టెలో నరసింగరావు గారు, బెన్హర్, వార్త కోసం ఎక్కిన నేను ఎదురెదురుగా కూర్చున్నాం. బెన్హర్ ఆయన సూట్‌కేసు పైన పెట్టి, చేతులు కట్టుకుని అడిగాడు.

"మీకు రిపోర్టింగ్ ఎక్కడ సార్?"

"విజయనగరం."

"అక్కడ యూనిట్ లేదు కదా సార్?"

"మా బావమరిది ఉన్నాడు."

బెన్హర్ అర్థమైనట్టు తలూపాడు. సైన్యంలో పైవాళ్లు చెప్పింది అర్థం కాకపోయినా తలూపడం అలవాటట.

పదిరోజుల సెలవు మీద కూతురి నామకరణానికి వచ్చాడు. ఆరో రోజునే ఫోనొచ్చింది. పేరు పెట్టకుండానే బయల్దేరాడు. అదంతా బస్సు తప్పిపోయినట్టు మామూలుగా చెప్పాడు.

నరసింగరావు గారు మెడలో దండలు తీసి పక్కన పెట్టారు. "భయమెయ్యదా?" అన్నారు. మైకు ముందు గొంతు కాదది. నేను ఇరవై ఏళ్లుగా ఆయన వార్తలు రాస్తున్నాను, ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

"వేస్తాది సార్. అక్కడికెల్లినాక పక్కోడుంటాడు కదా. ఆడు భయపడకుండా సూసుకోడంలో మనది మర్సిపోతాం."

"శత్రువుని ఎప్పుడైనా చూశావా?"

"ఒకసారి బైనాక్యులర్‌లో సూసినాను సార్. బట్టలారేసుకుంటన్నాడు."

"నువ్వేం చేశావు?"

"మబ్బేసినాది సార్. ఆడు గబగబా బట్టలు తీసేసుకున్నాడు. నానూ ఎల్లి నావి తీసేసుకున్నాను."

నరసింగరావు గారు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. గరివిడి దాటింది. నెల్లిమర్ల దాటింది. విజయనగరం ప్లాట్‌ఫారం మీద బావమరిది చెయ్యి ఊపుతూ కనిపించాడు. ఆయన లేవలేదు. నేను గొంతు సవరించుకున్నాను. అయినా లేవలేదు. బెన్హర్ వైపు చూశారు, సూట్‌కేసు వైపు చూశారు. నేను కంగారుపడ్డాను. ఆయన నిజంగానే వెళ్లిపోతే నేనూ వెళ్లాలి.

అప్పుడు ఫోన్ మోగింది. గిరిబాబు అరుపు నాక్కూడా వినపడింది.

"అన్నా! ఆగిపోనాది! యుద్ధం ఆగిపోనాదని టీవీలో వస్తన్నాది! బేగి దిగిపో!"

నరసింగరావు గారు ఒక్క ఉదుటున లేచారు. మోకాలి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సంతోషంగా బెన్హర్ భుజం పట్టుకుని, "దిగవయ్యా! అయిపోయింది. ఇంటికెళ్లి పాపకి పేరు పెట్టుకో" అన్నారు.

"మాకింకా ఎవులూ సెప్పలేదు సార్" అన్నాడు బెన్హర్. సూట్‌కేసు కిందికి దించి, ప్లాట్‌ఫారం మీద జాగ్రత్తగా పెట్టి, మళ్లీ ఎక్కాడు. కదులుతున్న ట్రైను తలుపులోంచి సెల్యూట్ చేశాడు. నరసింగరావు గారు చెయ్యి సగం ఎత్తి, ఏ చేత్తో చెయ్యాలో తేల్చుకునేలోగా ట్రైను వెళ్లిపోయింది.

ఆయన దండలు మళ్లీ వేసుకుని ప్లాట్‌ఫారం మీదే ప్రకటన చేశారు. తాను బయల్దేరిన గంటలోపే శత్రువు దిగొచ్చాడనీ, ఈ రెండింటికీ సంబంధం ఉందో లేదో చరిత్రకారులే తేల్చాలనీ అన్నారు. నేను 'ఉందో లేదో' తీసేసి పంపాను. జాగా తక్కువ.

సాయంత్రం అయిదింటికి చీపురుపల్లిలో విజయోత్సవ సభ జరిగింది. దేవేంద్రకు కూడా వచ్చి శాలువా కప్పక తప్పలేదు. నరసింగరావు గారు మైకు పట్టుకుని, యుద్ధమంటే ద్వేషం కాదనీ, అటువైపు వాడూ బట్టలారేసుకునే మనిషేననీ, ఈ సంగతి తాను కళ్లారా చూశాననీ చెప్పారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకుని రాసుకున్నాను.

సభ మధ్యలో కాంతం మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది. ఆయన వెనకా, పక్కనా, కుర్చీల వరస చివరిదాకా చూసింది.

"బాబూ, యుద్ధం అయిపోనాదంట కదా. మావోడేడి?"

మైకు ఆయన చేతిలోనే ఉంది.

"వాడికి డ్యూటీ ఉందమ్మా."

"మరి నీకు లేదా?"

"నాకు... సెలవిచ్చారమ్మా."

"ఎన్ని రోజులిచ్చినారు నాయినా?"

నరసింగరావు గారు ఆవిడ మొహంలోకి చూశారు. అక్కడ ఎగతాళి లేదు. అందుకేనేమో, ఆయన నోటికి అబద్ధం అందలేదు.

"ఎలక్షన్ల దాకా" అన్నారు.

కాంతం సంతోషంగా తలూపి, ఆయన నెత్తిమీద చెయ్యి వేసింది.

"మంచి ఆఫీసరు దొరికినాడు బాబూ నీకు. మావోడికి అలాంటోడు దొరకనేదు."