పాయింట్లు కొంచెం దగ్గరయ్యాయి

ఆ ఆదివారం పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకం చాలా తేలికైనది. ఏడింటికి కారు బానెట్ ఎత్తాలి. పాత పాయింట్లు పీకేసి వాటి చోట ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ బిగించాలి. ఎనిమిదిన్నరకల్లా చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. ఎందుకంటే తొమ్మిదింటికి మామగారు ఫోన్ చేస్తారు.

ఆ ఫోన్ సంగతి ముందు చెప్పాలి. కారు మామగారిది. ముప్పై ఎనిమిదేళ్లు తానే నడిపి, తానే విప్పి, తానే బిగించి, రెండేళ్ల కిందట కూతురి ఇంటికి పంపించారు. పంపించారంటే వదిలేశారని కాదు. ప్రతి ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ చేసి "ఏదీ, వినిపించు" అంటారు. అల్లుడు ఫోన్‌ను ఇంజను పక్కన రెండు నిమిషాలు పట్టుకుని నిలబడాలి. అవతల మామగారు కళ్లు మూసుకుని విని తీర్పు చెబుతారు. ఏడాదిగా తీర్పు ఒక్కటే. "పాయింట్లు కొంచెం దగ్గరయ్యాయి. సరిచెయ్యి."

పాయింట్లంటే, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉండే రెండు చిన్న లోహపు ముక్కలు. అవి విడిపోయినప్పుడల్లా ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. వాటి మధ్య కాగితమంత తేడా వచ్చినా ఇంజను అలుగుతుంది. "అవి కారుకి ప్రాణం. వాటిని పీకేసిన రోజున తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టు" అని మామగారు మొదటిరోజే చెప్పేశారు. అల్లుడికి తాళాలకన్నా పెద్ద దిగులు ఇంకొకటుంది. పెళ్లయి పన్నెండేళ్లయినా మామగారు అతన్ని నలుగురిలో "మా అమ్మాయి వాళ్లాయన" అనే అంటారు. "మా అల్లుడు" అన్న మాట ఆయన నోటి వెంట ఒక్కసారీ రాలేదు. కారు సరిగ్గా చూసుకుంటే ఏదో ఒకరోజు వస్తుందని అతని ఆశ.

ఇటు చూస్తే భార్య. ఆ నెలలో కారు మూడుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. మూడోసారి వెనక హారన్లు హోరెత్తుతుంటే ఆవిడ దిగి, తలుపు ధడాలున వేసి, "ఇంకోసారి ఆగిందంటే నేనీ కారెక్కను. మీరూ మీ మామగారూ తోసుకుంటూ తిరగండి" అనేసింది. అల్లుడు లైబ్రరీలో పనిచేస్తాడు. పుస్తకాలు తిరగేశాడు. పాయింట్ల బెడద ఉండకూడదంటే ఎలక్ట్రానిక్ ఇగ్నిషనే మార్గమని అన్ని పుస్తకాలూ ఒక్కమాటగా చెప్పాయి. మామగారి చెవికి మాత్రం ఒక ఉపాయం ఆలోచించాడు. శనివారం సాయంత్రమే, పాత పాయింట్లతో ఇంజను చప్పుడు రెండు నిమిషాలు భార్య ఫోన్‌లో రికార్డు చేసి దాచాడు.

పని అనుకున్నట్టే జరిగింది. పాయింట్లు తీసి డబ్బాలో వేశాడు. నీలం పెట్టె విప్పి అందులోని కిట్ బిగించి, ఎర్ర వైరూ నల్ల వైరూ కాయిల్‌కు కలిపాడు. తాళం తిప్పగానే ఇంజను గొంతు సవరించుకోకుండానే అందుకుంది. అల్లుడికి కళ్లు చెమర్చినంత పనైంది.

సరిగ్గా తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"ఏదీ, వినిపించు."

అల్లుడు భార్య ఫోన్‌ను తన ఫోన్‌కు ఆనించి రికార్డు మోగించాడు. నిమిషం బాగానే గడిచింది. ఆ తరువాత రికార్డులోంచి భార్య గొంతు ఖంగుమంది. "ఏమండీ! చినుకులు పడుతున్నాయి, బట్టలు తియ్యండి!" దాని వెనకే అతని గొంతు. "ఆగవే! మీ నాన్నగారికి వినిపించడానికి రికార్డు చేస్తున్నా!"

బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. అల్లుడు రికార్డు గభాలున ఆపేశాడు.

"పాయింట్లు కొంచెం దగ్గరయ్యాయి" అన్నారు మామగారు. ఆ వెంటనే, "ఇలా కాదు. నేనే వస్తున్నా. నలభై నిమిషాల్లో అక్కడుంటా" అని పెట్టేశారు.

"అయిపోయింది! దొరికిపోయాను!" అన్నాడు అల్లుడు.

"అయితే నిజం చెప్పెయ్యండి" అంది భార్య.

"చెప్పడమా? పాతవి మళ్లీ పెట్టేస్తాను. నలభై నిమిషాలుంది."

కిట్ ఊడబెరికి జేబులో కుక్కుకున్నాడు. పాయింట్లు పెట్టాడు. వాటిని పట్టి ఉంచే స్క్రూ ఆవగింజకు అన్నలా ఉంటుంది. కంగారులో వేళ్లలోంచి అది జారి డిస్ట్రిబ్యూటర్ లోపలికి పడిపోయింది. అల్లుడు దాని వంక చూసి, ఆకాశం వంక చూసి, మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎదురింటి పళ్ల డాక్టరుగారిని పిలవనా?" అంది భార్య.

"కారుకి పళ్ల డాక్టరెందుకే?"

"అంత సందులో అద్దం పెట్టి చూడగలిగింది ఈ వీధిలో ఆయనొక్కరేగా."

పళ్ల డాక్టరు నుదుటికి దీపం కట్టుకుని, బుల్లి అద్దమూ చిమటా పట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు. బానెట్ కింద తల పెట్టి, "ఎన్నాళ్లనుంచి ఈ బాధ?" అని అడిగాడు. చేతికి అడ్డొస్తున్నాయని మూతకున్న నాలుగు ప్లగ్ వైర్లూ టపటపా పీకి పక్కన పడేశాడు. అల్లుడు "అయ్యో" అనేలోపే స్క్రూ పైకి తీసి వెలుగులో చూపించాడు. "ఇదిగో. రెండు గంటలదాకా గట్టివేవీ నమల..." అని, ఎదుట ఉన్నది కారని గుర్తొచ్చి ఆగిపోయాడు.

టైము తొమ్మిదీ ముప్పై రెండు. ఏ వైరు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. పుస్తకం ఉందిగా అనుకుని అల్లుడు లోపలికి పరుగెత్తాడు. పుస్తకంలో బొమ్మ ఉంది, నంబర్లున్నాయి. స్క్రూ బిగించి, వైర్లు తు చ తప్పకుండా అలాగే తగిలించి తాళం తిప్పాడు.

ఢామ్మని పేలింది. వీధిలో కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. పళ్ల డాక్టరు అద్దం వదిలేసి గోడకు అతుక్కుపోయాడు. పొగ విడిపోయేసరికి గేటు దగ్గర చేతిసంచీతో మామగారు నిలబడి ఉన్నారు.

ఆయన ఎవరినీ పలకరించలేదు. నేరుగా వచ్చి మూత తీసి లోపలికి చూశారు.

"ఇంకా ఇవేనా?" అన్నారు మామగారు, నీరసంగా.

"అమ్మా, కాస్త టీ పెట్టు" అని కూతుర్ని లోపలికి పంపించి, మామగారు సంచీలోంచి ఒక పెట్టె తీశారు. నీలం పెట్టె. పొద్దున్న అల్లుడు విప్పిన పెట్టెకు అచ్చు తోబుట్టువు.

"చూడవోయ్, ఏడాదిగా నువ్వు వినిపించేది నాకు వినపడట్లేదు. మాటలు తెలుస్తున్నాయి, కాస్త గట్టిగా అంటే. ఇంజను టిక్కు టిక్కు మాత్రం అందట్లేదు. అందుకే ఇది కొని దాచా. పెట్టేస్తే ఇక వినే పనుండదు."

"మరి ప్రతి ఆదివారం దగ్గరయ్యాయనేవారు?"

"ఏదో ఒకటి అనాలిగా! మీ అత్తయ్య పక్కనే కూర్చుంటుంది. చెవులు పోయాయని తెలిస్తే, ఇక్కడికొచ్చినప్పుడు కూడా నన్నిక స్టీరింగ్ ముట్టనివ్వదు."

అల్లుడికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. సరిగ్గా ఉన్న పాయింట్లను ఏడాదిపాటు, వారం తప్పకుండా, ఎడం చేస్తూ వచ్చింది తనే. నడిరోడ్డు మీద కారును ఆపింది కూడా తన విధేయతే. పెట్టె అందుకుని విప్పబోయాడు.

"అది విప్పకు. ముందు నీ జేబులోది తియ్యి" అన్నారు మామగారు.

అల్లుడు కిందికి చూసుకున్నాడు. ప్యాంటు జేబులోంచి ఎర్ర వైరు బెత్తెడు వేలాడుతోంది.

"ఎప్పుడు పెట్టావు?"

"పొద్దున్న ఏడింటికి."

"ఎప్పుడు పీకావు?"

"మీరొస్తానన్నాక."

మామగారు అతని మసి మొహాన్ని తేరిపార చూశారు. తరువాత నీలం పెట్టెను మళ్లీ సంచీలో పెట్టేసుకుని, నాలుగు వైర్లనూ మూత చుట్టూ సగం చుట్టు జరిపారు. "ముప్పై ఏళ్ల కిందట డిస్ట్రిబ్యూటర్‌ని నేనే వెనక్కి తిప్పి బిగించా. నీ పుస్తకానికి ఆ సంగతి తెలీదు" అన్నారు. అల్లుడు కాగితం చూడకుండా ఏడు నిమిషాల్లో కిట్ బిగించాడు. ఇంజను అందుకుంది. మామగారు చెవి పెట్టకుండా, బానెట్ దించి దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డారు.

"భలే పనిమంతుడే! ఎవరండీ ఈయన మీకు?" అని పళ్ల డాక్టరు, తెలిసి కూడా, వేళాకోళంగా అడిగాడు.

"మా అల్లుడు" అన్నారు మామగారు. అల్లుడు ఆ మాట రెండోసారి వినాలని ఆశగా చూశాడు కానీ, ఆయనకు టీ వచ్చేసింది.

మరుసటి ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ మోగింది. వెనక అత్తగారి గాజుల చప్పుడు వినిపిస్తోంది.

"ఏదీ, వినిపించు."

అల్లుడు రెండు నిమిషాలు ఫోన్ పట్టుకున్నాడు.

"పాయింట్లు కొంచెం దగ్గరయ్యాయి. సరిచెయ్యి" అన్నారు మామగారు.

"అలాగే మామయ్యగారూ" అని అల్లుడు లేని పాయింట్లను సరిచెయ్యడానికి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు.